టిఫిన్ తిన్న లివర్

మా సంఘానికి తిండి పెట్టకుండా ఏ పనీ చేయడం చేతకాదు. పెళ్లయినా, చావైనా, బాప్తిస్మమైనా, చివరికి చర్చి గోడకు ఏ రంగు వేయాలో తేల్చుకునే మీటింగైనా, ముందు వడ్డన జరగాలి, తర్వాతే మాట. నాకేం అభ్యంతరం లేదు. నేనూ తింటాను, మారు కూడా వేయించుకుంటాను. కానీ పెట్టకూడని చోట పెట్టిన తిండి ఒక మనిషిని ఎంత దూరం ఈడ్చుకుపోతుందో మా తమ్ముడి విషయంలో చూశాను. పెద్ద చదువులు చదివిన పెద్దమనుషులంతా కూడి చేసిన తెలివితక్కువ పని అది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. నోరు మంచిది కాదని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. పెళ్లి చేసుకోలేదు, అందుకే నోరు అలా తయారైందని కొందరంటారు, నోరు అలా ఉంది కాబట్టే పెళ్లి కాలేదని మరికొందరంటారు. ఎవరి వాదన వాళ్లది. మల్కాజ్‌గిరిలో మా నాన్న కట్టించిన ఇంట్లో కింద నేనుంటాను, మేడ మీద తమ్ముడూ మరదలూ ఉంటారు. మా తాత మిషన్ బడిలో పంతులుగా కోస్తా నుంచి సికింద్రాబాద్ వచ్చాడు. అప్పటినుంచీ మా ఇంట్లో ప్రార్థన కోస్తా తెలుగులో, కొట్లాట సికింద్రాబాద్ తెలుగులో. తమ్ముడు బొల్లారంలో ఒక స్కూల్ ఆఫీసులో పనిచేస్తాడు. పొద్దున లోకల్ ట్రైన్‌లో పోతాడు, సాయంత్రం లోకల్ ట్రైన్‌లో వస్తాడు.

వాడు ఒకప్పుడు తాగేవాడు. దాచడానికేమీ లేదు, స్టేషన్ నుంచి మా గుమ్మం దాకా తెలియనివాళ్లు లేరు. ఎందరో పాస్టర్లు వచ్చి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, కాఫీ తాగి వెళ్లారు. వాడు మానలేదు. మా అమ్మ పోయినప్పుడు మానాడు. తాగి వచ్చి అమ్మ శవపెట్టెను భుజానికెత్తుకుని నాలుగడుగులు వేశాడో లేదో కాళ్లు తడబడి కూలబడబోయాడు. పక్కనున్నవాళ్లు పట్టుకున్నారు గనుక సరిపోయింది, లేకపోతే అమ్మ సమాధిదాకా చేరకుండానే నేలమీద పడేది. మర్నాటి నుంచి ముట్టుకోలేదు. నేను చెప్పలేదు, మరదలు చెప్పలేదు, దేవదూతలెవరూ దిగిరాలేదు. చేతులు వణుకుతూ, నిద్ర పట్టక, కనిపించిన ప్రతివాడి మీదా విసుక్కుంటూ వాడి పాట్లు వాడు పడ్డాడు. మరదలు మజ్జిగ చేసి గ్లాసు తర్వాత గ్లాసు చేతిలో పెట్టేది.

అలా కొన్నాళ్లు గడిచాక అప్పటి పాస్టరుగారు ఒక పని చేశాడు. నేను ఎవరినీ అంత తొందరగా మెచ్చుకోను, ఆయన్ని మెచ్చుకుంటాను. మా చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. అందరికీ రొట్టె ముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం ఇస్తారు. వైన్ కాదు, రసమే. శనివారం నాడు నల్లద్రాక్ష తెచ్చి, కడిగి, ఉడికించి, బట్టలో వడకట్టి సీసాల్లో పోయాలి. ఆ పని ఆయన మా తమ్ముడి చేతికిచ్చాడు. తాగుబోతు చేతికి సీసాలిస్తారా అని కమిటీలో గొణిగారట. ఆయన వినలేదు. అది మొదలు కొన్నేళ్లపాటు ప్రతి నెలా ఆ శనివారం మా వంటింట్లో ద్రాక్షపండ్ల వాసన. పెద్ద గిన్నె ముందు నిలబడి గరిటె తిప్పుతుంటే వాడి ముఖంలో ఒక శ్రద్ధ ఉండేది, ఆఫీసు పనిలో గానీ ఇంటి పనిలో గానీ నేనెన్నడూ చూడని శ్రద్ధ. ఒకసారి వాడే అన్నాడు, నన్ను నమ్మి ఇంత పని ఇచ్చినంక ఇంక ఎట్ల తాగుతనక్కా అని. వాణ్ని నిలబెట్టింది ఆ గిన్నే. అది నాకు తెలుసు, మరదలికీ తెలుసు. అది పోతే వాడు మళ్లీ పడతాడేమోనన్న భయం మా ఇద్దరికీ ఎప్పుడూ లోపల ఉండేది.

ఆ మంచి పాస్టరుగారు బదిలీ అయి వెళ్లిపోయాడు. కొత్తాయన వచ్చాడు. మైకు అంటే మహా ఇష్టం. సంఘ సెక్రటరీ అంతకుముందునుంచీ ఉన్నవాడే, ఏదో పెద్ద ఆఫీసులో అధికారిగా చేసి రిటైరైన మనిషి, ఇప్పుడు అధికారం చెలాయించడానికి మేము తప్ప ఎవరూ దొరకరు. ఈ ఇద్దరూ కలిసి ఒక ఆదివారం చర్చిలో ఉచిత లివర్ క్యాంపు పెట్టించారు. లివర్ మాత్రలు అమ్ముకునే కంపెనీ ఒకటి పరీక్ష మిషన్నీ, దాన్ని నడిపే అమ్మాయినీ పంపుతానంది. ఉచితం అనే మాట వింటే మా వాళ్లకు రోగం లేకపోయినా రోగం తెచ్చుకోవాలనిపిస్తుంది.

కంపెనీ మనిషి ముందే చెప్పాడట, పరీక్షకు మూడు గంటల ముందు నుంచీ ఏమీ తినకూడదని. దాని మీద కమిటీ కూర్చుంది. ఆరాధన అయ్యేసరికి అందరికీ ఆకలేస్తుంది, తిండి లేదంటే ఒక్కడూ ఆగడు, కంపెనీవాడి ముందు పరువు పోతుందని సెక్రటరీ బెంగ. అప్పుడు ట్రెజరర్‌గారి భార్య ఒక ఉపాయం చెప్పింది. భోజనం పెడితేనే కదా తప్పు, టిఫిన్ పెడదాం అంది. కమిటీ మొత్తం ఊపిరి పీల్చుకుంది. ఇంతటి తెలివి ఇన్నాళ్లూ మన మధ్యే ఉందా అన్నట్టు ఆమెను మెచ్చుకున్నారు.

తెలియనివాళ్లకు ఇది నమ్మశక్యంగా ఉండదు. మా వాళ్ల లెక్కలో తినడమంటే అన్నం తినడం. మిగతాదేదీ తిండి కాదు. పొద్దున్నే ఆరు పూరీలూ ఒక దోసే లాగించి, పదకొండు గంటలకు ఎవరైనా పలకరిస్తే 'ఇంకా ఏం తినలేదండీ' అని నీరసంగా అనగలరు. అది అబద్ధమని వాళ్లకు తోచదు. ఈస్టర్‌కు ముందు శ్రమదినాల్లో నలభై రోజులూ మధ్యాహ్నం ఉపవాసం ఉంటారు, అంటే అన్నం బదులు ఉప్మా తింటారు. హిందువుల ఇళ్లలో శనివారం ఒక్కపొద్దులూ ఇంతే, ఈ విషయంలో మతభేదం లేదు. చర్చి గుమ్మంలో బోర్డు పెట్టారు: క్యాంపుకు వచ్చువారు భోజనం చేయకుండా రావలెను, టిఫిన్ ఏర్పాటు చేయబడినది. ఆ రెండు వాక్యాలూ పక్కపక్కనే ఉన్నాయి. చదివిన వాళ్లలో టీచర్లున్నారు, బ్యాంకు ఆఫీసర్లున్నారు, ఒక నర్సు కూడా ఉంది. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. నాకూ రాలేదు. ఆ మిషన్‌కు ఖాళీ కడుపు ఎందుకు కావాలో అప్పటికి నాకేం తెలుసు? వడలు బాగున్నాయి.

ఆదివారం బడి గదిలో తెర కట్టి బల్ల వేశారు. ఒకరి తర్వాత ఒకరం వెళ్లి వెల్లకిలా పడుకుని, కుడిచెయ్యి తలకిందికి మడిచి పెట్టుకోవాలి. ఆ అమ్మాయి పక్కటెముకల మధ్య చల్లటి జిగురు రాసి, చేతిలో పట్టే పరికరాన్ని నిలువుగా ఆనించి నొక్కుతుంది. వేలితో చిటికేసినట్టు టక్‌మని తగులుతుంది. ఆ తట్టుకు లోపల ఒక అదురు పుట్టి లివర్‌లోకి పోతుంది, అది ఎంత వేగంగా పోతోందో అల్ట్రాసౌండ్‌తో కొలుస్తారు. మెత్తని లివర్‌లో నెమ్మదిగా పోతుంది, గట్టిపడినదాంట్లో వేగంగా పోతుంది. కొబ్బరికాయ కొనేటప్పుడు తట్టి వింటాం చూడండి, దాదాపు అదే పని. కొయ్యకుండా, పొడవకుండా లోపలి గట్టితనం తెలిసిపోతుంది. మంచి విద్యే, కాదనను. విద్యదేం తప్పు లేదు.

పడుకోగానే ఆ అమ్మాయి ప్రతివాళ్లనూ అడిగింది, ఏమైనా తిన్నారా అని. ప్రతివాళ్లూ లేదమ్మా అన్నారు. ట్రెజరర్‌గారి మీసానికి కొబ్బరి చట్నీ అంటుకుని ఉంది, అయినా లేదమ్మా అన్నాడు. బయట పెద్ద వరుస ఉంది, పాపం ఆ పిల్ల ఎందరి మీసాలని చూస్తుంది? రాసుకుంటూ పోయింది.

తెర బయట ఒక టేబుల్, దాని మీద రంగుల పట్టిక. ఆకుపచ్చ అయితే మంచిది, పసుపు అయితే జాగ్రత్త, నారింజ అయితే డాక్టర్ని కలవాలి, ఎరుపు అయితే చెప్పనక్కర్లేదు. యూత్ సంఘం కుర్రాడొకడు ఒక్కొక్కరి అంకె గట్టిగా చదువుతాడు, ఇంకొకడు కార్డు మీద రాస్తాడు. గుట్టు అనేది పది ఆజ్ఞల్లో లేదు గనుక మా సంఘంలో ఎవరూ దాన్ని పాటించరు. టిఫిన్ ప్లేట్లు పట్టుకుని జనమంతా ఆ టేబుల్ చుట్టూ మూగారు. క్రికెట్ స్కోరు విన్నట్టు విన్నారు.

సగం సంఘం పసుపులో పడింది. నాకూ పసుపే వచ్చింది, నేను జన్మలో తాగింది దగ్గుమందు ఒక్కటే. వయసు కదా టీచరమ్మా అన్నారు. క్వయర్ నడిపించే ఆవిడకు నారింజ వస్తే షుగర్ ఉంది కదా అన్నారు. ట్రెజరర్‌గారికి తొమ్మిది దాటి వచ్చింది, అదీ నారింజే. పాపం సంఘం లెక్కలన్నీ ఆయన నెత్తిమీదే, టెన్షన్ అన్నారు. ఆయన భార్య కూడా అవునవును అంది. తర్వాత మా తమ్ముడి అంకె చదివారు. ఎనిమిదిన్నర. ట్రెజరర్‌కన్నా తక్కువే. ఈసారి వయసనీ టెన్షననీ ఎవరూ అనలేదు. ఒకావిడ చేత్తో నోరు మూసుకుంది. పాస్టరుగారు వచ్చి వాడి భుజం తట్టి, మీ గురించి ప్రార్థనలో పెడదాం బ్రదర్ అన్నాడు. ట్రెజరర్ భుజం తట్టలేదే మరి? తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని మా అమ్మ అనేది. మావాడు తాటిచెట్టు కింద కూడా కూర్చోలేదు, చర్చి వరండాలో కూర్చుని ఇడ్లీ తిన్నాడు.

ఆ వారంలోనే సెక్రటరీ ఇద్దరు పెద్దల్ని వెంటేసుకుని మా ఇంటికొచ్చాడు. మేడ మీదికి వెళ్లకుండా నా హాల్లోనే కూర్చుని తమ్ముణ్ని కిందికి పిలిపించాడు. కుశలప్రశ్నలన్నీ అయ్యాక అసలు సంగతి తీశాడు. కొన్నాళ్లు రెస్ట్ తీసుకోండి బ్రదర్, ద్రాక్షరసం పని వేరేవాళ్లు చూసుకుంటారు, ఇదంతా మీ ఆరోగ్యం కోసమే అన్నాడు. రసం ఉడకబెడితే లివర్ ఎలా చెడుతుందని నేనడిగాను. సంఘంలో ఒక మాట వచ్చినప్పుడు మనం జాగ్రత్తగా ఉండాలి కదమ్మా అన్నాడు. ఆ మాట తెచ్చింది మీరే కదా అన్నాను. నాతో మాట్లాడ్డం మానేసి కాఫీ తాగాడు. తమ్ముడు లేచాడు. పైకి వెళ్లి గిన్నె, సీసాలు, గరిటె తెచ్చి ముందు పెట్టాడు. వడకట్టే బట్ట పొద్దున ఉతికింది ఇంకా తడిగా ఉంది, ఆరినంక నేనే తెచ్చిస్తానన్నాడు.

తర్వాతి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పాస్టరుగారు మైకులో వాడి వ్యసనం కోసం ప్రార్థన చేశాడు. పేరు చెప్పలేదు, మా సహోదరుడు అన్నాడు. పేరు చెప్పకపోవడం పెద్ద మర్యాద అనుకున్నాడు కాబోలు. గుడిలో ఉన్నవాళ్లంతా కళ్లు మూసుకోవాల్సిన సమయంలో కళ్లు తెరిచి మా తమ్ముడి వైపు చూశారు. నేను కూడా తెరిచే ఉన్నాను, అందుకే తెలుసు. ఆ మర్నాటి నుంచి వాడు చర్చికి రావడం తగ్గించాడు. ట్రైన్‌లో సంఘంవాళ్లు కనబడితే పక్క పెట్టెలోకి మారేవాడట.

ఒక సాయంత్రం కిందికొచ్చి నా మంచం అంచున కూర్చున్నాడు. అన్నాడు:

"అక్కా, తాగకుంటే సుత తాగినోడే అంటున్నరు. తాగితే ఇంకేమంటరు? గీ తక్లీఫంత ఎందుకు పడుతున్న నేను?"

వాడు తాగి కొట్టుకున్న రోజుల్లో కూడా నాకింత భయం వేయలేదు, ఎందుకంటే అప్పుడు పోయేదేమీ లేదు. ఇప్పుడు ఉంది. అన్నేళ్లు పళ్ల బిగువున నిలబడిన మనిషి, వీళ్ల ఇడ్లీల వల్ల పడిపోతాడా అని నాకు నిద్ర పట్టేది కాదు. కూరగాయలు కొనే నెపంతో సాయంత్రాలు స్టేషన్‌కు నడిచి, ట్రైన్ దిగిన వాణ్ని ఇంటికి తోడు తెచ్చుకునేదాన్ని. నా కూరగాయల మోజు చూసి మరదలు నవ్వేది కాదు, సంచీ అందించేది. మోకాలు నొప్పి వల్ల మధ్యలో రెండుమూడు రోజులు వెళ్లలేకపోయాను. ఒకరోజు వాడు ఆలస్యంగా వచ్చాడు. సిగ్నల్ దగ్గర ట్రైన్ ఆగిపోయిందని మెట్ల మీది నుంచే చెప్పి పైకెళ్లిపోయాడు. లోకల్ ట్రైన్లు ఆగడం కొత్తేమీ కాదు.

కాలు కాస్త కుదుటపడగానే నేనే పూనుకుని వాణ్ని సికింద్రాబాద్‌లో లివర్ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే ఖాళీ కడుపుతో రమ్మన్నారు. ఆటోలో వెళ్తూ ఇరానీ చాయ్ హోటల్ ముందు ఆగినప్పుడు వాడు అటు చూశాడు, చాయ్ కూడా లేదు పద అన్నాను. డాక్టరమ్మ క్యాంపు కార్డు చూసింది. ఆ రోజు ఎన్నింటికి తిన్నారు అని అడిగింది. తిన్నారా అని అడగలేదు, ఎన్నింటికి అని అడిగింది. చదువంటే అదీ. తమ్ముడు అలవాటు కొద్దీ ఏం తినలేదు మేడమ్ అన్నాడు. టిఫిన్ చేశాడండీ అన్నాను నేను. ఏం టిఫిన్ అంది. ఇడ్లీ, వడ, ఉప్మా, కేసరి, ఆ పైన టీ అని చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టేసింది.

తిన్న తర్వాత పేగుల నుంచి లివర్‌కు రక్తం ఎక్కువగా పోతుందట. అప్పుడు లివర్ నిండుగా, బిర్రుగా అవుతుంది, అదురు వేగంగా పోతుంది, మిషన్ గట్టిగా ఉందని చూపిస్తుంది. మూడు గంటలాగితే ఆ బిర్రు తగ్గుతుంది. అందుకే ఖాళీ కడుపు. ఇంతే సంగతి. మీ చర్చివాళ్లందరికీ టిఫిన్ పెట్టి కొలిచారా అని ఆమె రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునని చెప్పడానికి నాకే సిగ్గేసింది.

అప్పటికప్పుడే లోపలికి పంపి మళ్లీ కొలిపించింది. ఐదున్నర వచ్చింది. ఒకప్పుడు అంత తాగిన మనిషికి ఇది చాలా బాగున్నట్టే, కంగారు పడాల్సిందేమీ లేదు అంది. చిన్నగా ఇంకో మాట కూడా అంది. ఈ మిషన్ లివర్ గట్టిగా ఉందా మెత్తగా ఉందా అన్నదే చెప్తుంది, మనిషి నిన్న తాగాడా లేదా అన్నది దీనికేం తెలుసు అంది. ఆ మాట మా సంఘం చెవుల్లో పోయాలనుకున్నాను. తమ్ముడు బల్ల దిగి, పొట్ట మీది జిగురు కాగితంతో తుడుచుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. సంతోషం పట్టలేక అనుకున్నాను.

రిపోర్టుకు జిరాక్సులు తీయించి నేరుగా పాస్టరుగారి ఇంటికెళ్లాను. యుద్ధానికి వెళ్లినట్టే వెళ్లాను. క్యాంపు కార్డు ఒక పక్క, కొత్త రిపోర్టు ఒక పక్క పెట్టి, ఇప్పుడేమంటారు అన్నాను. ఆయన చదివాడు. ముఖం వెలిగిపోయింది. రెండు చేతులూ పైకెత్తి దేవునికి స్తోత్రం అన్నాడు. నెలలోనే ఎనిమిదిన్నర నుంచి ఐదున్నరకు దిగిందంటే, శుక్రవారం ప్రార్థనలకు ఇంతకన్నా జవాబేం కావాలమ్మా అన్నాడు. బ్రదర్ మానేశాడన్నమాట, మేం నమ్మి అడిగాం, ఆయన విడిపించాడు అన్నాడు.

నాకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు. అయ్యా, వాడు అప్పుడూ తాగలేదు, అది టిఫిన్ అంకె, ఇది అసలు అంకె అని వివరించాను. ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పినట్టు చెప్పాను. ఆయన ఓపికగా విని, టిఫిన్ అందరం తిన్నాం కదమ్మా అన్నాడు. అందరి అంకెలూ పెరిగాయి కదండీ, ట్రెజరర్‌గారిది మావాడికన్నా పెరిగింది కదా అన్నాను. ఆయన తాగడు కదమ్మా అన్నాడు. మా క్లాసులో ఎవడైనా ఇలా లెక్క చేసి ఉంటే బెంచీ ఎక్కించేదాన్ని. పాస్టరుగారిని ఎక్కించడానికి బెంచీ లేదు.

పైగా ఆయన నాకే ఒక శుభవార్త చెప్పాడు. వచ్చే మొదటి ఆదివారం తమ్ముడు సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలట. తాగుడులో ఎలా మళ్లీ పడిపోయాడో, సంఘం ప్రార్థన వల్ల ఎలా లేచాడో చెప్పాలట. అది అయిపోతే ద్రాక్షరసం పని కూడా మళ్లీ వాడికే ఇచ్చేస్తారట. సెక్రటరీతో ఆయన మాట్లాడతాడట. చేయని నేరం ఒప్పుకుంటే ఉద్యోగం తిరిగిస్తామని పోలీసులు కూడా ఇంత ప్రేమగా చెప్పరు.

ఇంటికొచ్చి జరిగిందంతా ఇద్దరికీ చెప్పాను. వెళ్లొద్దన్నాను. ఆ గిన్నె లేకపోతే లేకపోయింది, వీళ్ల ముందు అబద్ధం చెప్పి తెచ్చుకోవాల్సిన గతి పట్టలేదన్నాను. ఎప్పుడూ నా మాటకు ఎదురు చెప్పని మరదలు అప్పుడు నోరు విప్పింది.

"పోనీయండి వదినా. పోయి చెప్తే చెప్పనీయండి," అంది.

నేను ఇంతెత్తున లేచాను. కట్టుకున్నదానివి, నువ్వే వాణ్ని నమ్మకపోతే బయటివాళ్లు ఎందుకు నమ్ముతారు అని కడిగేశాను. ఇంకా ఏవేవో అన్నాను. ఆమె తల వంచుకుని పొయ్యి మీద పాలు చూడ్డానికి లోపలికి వెళ్లిపోయింది. తమ్ముడు ఆమె వెళ్లిన వైపే చూస్తూ, చెప్తక్కా, ఆదివారం పోయి చెప్తా అన్నాడు.

ఆ ఆదివారం చర్చి నిండిపోయింది. సాక్ష్యం ఉందంటే మా వాళ్లు పెందలాడే వస్తారు, ముందు వరుసలు దొరకవు. ప్రసంగానికి మాత్రం వెనక వరుసలే దొరకవు. నేను ఆడవాళ్ల వైపు మరదలి పక్కన కూర్చున్నాను. నా బ్యాగు నిండా జిరాక్సులు. వాడు చెప్పాల్సిందేదో చెప్పుకోనీ, తర్వాత నేను లేచి ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క కాగితం పెట్టి, ట్రెజరర్‌గారి మీసం సంగతితో సహా చెప్పి దిగుదామని నిర్ణయించుకుని వచ్చాను. పాస్టరుగారు మైకులో రెండు మాటలు చెప్పి వాణ్ని పిలిచాడు. వాడు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని ముందుకెళ్లాడు. మైకు పట్టుకోవడం రాక కాస్త దూరంగా పట్టుకున్నాడు, అయినా అందరికీ వినబడింది.

"మా అమ్మ పోయినప్పటి సంది నేను తాగలే," అన్నాడు. "క్యాంపు రోజు సుత తాగలే. ఇడ్లీ తిన్న, అందరి లెక్కనే. మీరు గిన్నె తీస్కపోయినంక ఒక్క రోజు తాగిన. ట్రైన్ దిగి తాగి ఇంటికి పోయిన. మా అక్కకు సిగ్నల్ పడలేదని చెప్పిన. రెండో పరీక్ష గా తర్వాతనే అయింది. అది మంచిగొచ్చింది. తాగనప్పుడు తాగినవన్నరు. తాగినంక బాగైనవంటున్నరు. నా సాక్ష్యం గింతే."

మైకు పాస్టరుగారి చేతికిచ్చి వచ్చి తన చోట కూర్చున్నాడు. సాక్ష్యం అయ్యాక అందరూ ఆమేన్ అనాలి. ఒకరిద్దరు అలవాటు కొద్దీ అని, మిగతావాళ్లు అనలేదని చూసి ఆపేశారు. సెక్రటరీ పాటల పుస్తకంలో ఏదో వెతకడం మొదలుపెట్టాడు. ట్రెజరర్ గడియారం చూసుకున్నాడు. పాస్టరుగారికి కూడా మాట దొరకలేదు, అది నేను చూస్తాననుకోలేదు. కీబోర్డు వాయించే అబ్బాయికి సైగ చేసి పాట ఎత్తుకున్నాడు, అందరూ బతుకుజీవుడా అని లేచి నిలబడి పాడారు. నేను లేవలేదు. బ్యాగులో జిరాక్సులు ఒక్కటి కూడా బయటికి తీయలేదు. ఎవరికి ఏమని చూపించను? నాకు కోపం వచ్చింది, దుఃఖం వచ్చింది, వాణ్ని దగ్గరికి తీసుకోవాలనిపించింది, చెంప పగలగొట్టాలనిపించింది. ఇన్ని ఒకేసారి వచ్చేసరికి ఊరికే కూర్చున్నాను.

గిన్నె ఇస్తామని గానీ ఇవ్వమని గానీ ఎవరూ చెప్పలేదు. బయట ఎవరూ పలకరించలేదు. ముగ్గురం ఆటో ఎక్కాం. మరదలు మధ్యలో కూర్చుంది. మెట్టుగూడ దాటాక ఆమె ముందుకు చూస్తూనే అంది:

"ఆ దినం మీరు లోపలికి రాంగనే నాకు వాసనొచ్చింది."

తమ్ముడు ఆమె వైపు తిరిగాడు. "మరి నన్ను అడగకపోతివి?"

"అందరూ అడుగుతనే ఉన్నరు గదా. నేనొక్కదాన్నన్న అడగొద్దనుకున్న."

వాడు రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. ఆటో అతను అద్దంలో చూసి, ఏమైందమ్మా అని నన్ను అడిగాడు. నేనూ ఏమీ చెప్పలేదు.